పొగాకు మానేశాడు, వక్క మానలేదు: ఒక బోటు కలాసీ కేసు

నేను విశాఖపట్నంలో నోటి వ్యాధుల డాక్టర్‌ని. క్లినిక్ పాతనగరం వైపు. ఫిషింగ్ హార్బర్ దగ్గర కావడంతో నా దగ్గరికొచ్చే వాళ్ళలో మరబోట్ల మీద పనిచేసేవాళ్ళు ఎక్కువ. ఈ కేసు వాళ్ళలో ఒకాయనది. ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు రాయడం లేదు. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. అది దాచి రాస్తే ఈ కేసు రాసి ప్రయోజనం లేదు.

ఆయన మొదటిసారి వచ్చింది 2019 మే నెలలో. అప్పుడు వయసు 39. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. మా క్లినిక్‌కి అదే రద్దీ సీజన్. పది పదిహేను రోజులు సముద్రం మీదే ఉండేవాళ్ళు పన్ను నొప్పినైనా, పుండునైనా బోటు కట్టేశాకే చూపించుకుంటారు. ఆయన కూడా పన్ను నొప్పికే వచ్చాడు. నోరు చూస్తే కింది పెదవికీ చిగురుకీ మధ్య, ఎడమ పక్కన, ముడతలు పడిన తెల్లటి మచ్చ. ఖైనీ ఉండ చేసి పెట్టుకునే చోటు అది. అద్దం చేతికిచ్చి ఆయనకే చూపించాను. ఇది ఇలాగే కొనసాగితే కేన్సర్‌కి దారి తీయొచ్చని చెప్పాను. మనిషి బాగా భయపడ్డాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న ఖైనీని రెండు నెలల్లో మానేశాడు. ఆ మాట ఫోన్ చేసి మరీ చెప్పాడు. నాకు చాలా సంతోషం వేసింది.

ఆ రోజు నేను రాసిన కేస్ షీట్ ఇప్పటికీ ఉంది. "ఖైనీ, 20 ఏళ్ళ పైన. మానమని చెప్పాను." అంతే. వక్క అన్న మాట అందులో లేదు. నేను అడగలేదు. ఆయన చెప్పలేదు, ఎందుకంటే అది చెప్పాల్సిన విషయమని ఆయనకి తెలియదు.

2023 మే

నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ నిషేధం రోజుల్లోనే వచ్చాడు, ఈసారి భార్యతో, తల్లితో. ముందు మాట్లాడింది భార్యే. "ఆవకాయ మానేశాడమ్మా. పులుసులో కాస్త కారం పడితే కంచం పక్కకి నెట్టేస్తున్నాడు. ముద్ద కూడా చిన్నగా చేసుకుని తింటున్నాడు."

మంట మొదలై రెండేళ్ళట. ఎడమ బుగ్గ లోపల పుండు సంక్రాంతి నుంచి. నోటిపూత అనుకుని మందుల షాపులో బీ కాంప్లెక్స్ గోళీలు, పూసుకునే జెల్ తెచ్చుకున్నాడు. తగ్గకపోతే ఫిబ్రవరిలో ఒకచోట చూపించుకుంటే, పై దవడ పన్ను అంచు గీసుకుని పుండయిందని చెప్పి పన్ను అరగదీశారు. పన్ను అంచు పదునుగా ఉన్న మాట నిజమే, నేనూ చూశాను. అరగదీయడం తప్పు కాదు. కానీ కారణం తీసేశాక రెండు వారాల్లో పుండు మానాలి. మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆ రెండు వారాల తర్వాత రమ్మని ఎవరూ గట్టిగా చెప్పలేదు. చెప్పినా ఆయన అప్పుడు సముద్రంలో ఉన్నాడు.

నోరు తెరవమన్నాను. తెరిచాడు, అంతే అని ఆగిపోయాడు. మామూలు మనిషి తన చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు కలిపి నిలువుగా పళ్ళ మధ్య పెట్టుకోగలడు. కొలిస్తే 35 నుంచి 50 మిల్లీమీటర్లు ఉంటుంది. ఈయనకి వేలున్నర. స్కేలు పెడితే 19 మిల్లీమీటర్లు. నోటి అద్దం లోపల పెట్టి తిప్పడానికి చోటు చాలలేదు. చిత్రమేమిటంటే, 2019లో చూసిన ఖైనీ మచ్చ పూర్తిగా పోయింది. ఆ చోట చిగురు గులాబీ రంగులో ఆరోగ్యంగా ఉంది. బుగ్గలు మాత్రం పాలిపోయి తెల్లబారి ఉన్నాయి. వేలు పెట్టి తడిమితే మెత్తగా సాగాల్సిన బుగ్గలో నిలువునా పట్టీలు తగులుతున్నాయి, బిగించి కట్టిన వల తాడులాగా. కొండనాలుక ముడుచుకుపోయి చిన్న మొగ్గలా ఉంది. ఈల వేయమంటే గాలే వచ్చింది.

పుండు ఎడమ బుగ్గలో, వెనక పళ్ళ ఎదురుగా ఉంది. రెండు సెంటీమీటర్ల పైన. అంచులు లేచి ఉన్నాయి, అడుగు గట్టిగా ఉంది, గ్లవ్ వేలు తగలగానే రక్తం వచ్చింది. నొప్పి మాత్రం పెద్దగా లేదన్నాడు. నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ మాటే. నోటిపూత అయితే అన్నం ముట్టనివ్వదు. నెలల తరబడి నొప్పి లేకుండా ఉండిపోయిన పుండును తేలిగ్గా తీసుకోకూడదు. దవడ కింద చెయ్యి పెడితే, ఎడమ పక్క రేగు గింజంత బిళ్ళ గట్టిగా తగిలింది.

"ఏం నములుతున్నారు?" అని అడిగాను.

"ఏమీ లేదమ్మా. పొగాకు మానేసి నాలుగేళ్ళయింది. మీరే గదా మానిపించారు."

చొక్కా జేబులోంచి మెరిసే పొట్లాల వరస ఒకటి పైకి కనిపిస్తోంది. "మరి అదేంటి?" అన్నాను. ఆయన ఏ మొహమాటం లేకుండా తీసి టేబుల్ మీద పెట్టాడు. ఒకదానికొకటి అంటుకుని ఉన్న ఐదు పాన్ మసాలా పొట్లాలు. రెండు అప్పటికే చింపి ఉన్నాయి. "ఇది వట్టి వక్కే గదమ్మా. పొగాకు లేదు. దాని మీదే రాసుంది చూడండి."

నిజంగానే రాసి ఉంది. హానికరం అని కూడా ఉంది, ఇంకా చిన్న అక్షరాల్లో.

అప్పుడు కూర్చోబెట్టి మొదటి నుంచీ అడిగాను, నాలుగేళ్ళ కిందట అడగాల్సినట్టు. పదహారో ఏట బోటెక్కాడు. ఎండు వక్క ముక్కలు అప్పటి నుంచే అలవాటు. వల నీళ్ళలో ఉన్నంతసేపూ కాపలా కాసేవాడికి నిద్ర ఆగాలి. ఆకలీ తెలియకూడదు. ఖైనీ ఆ తర్వాత తోడయింది. 2019లో ఖైనీ మానేసినప్పుడు నోరు ఊరికే ఉండలేక పొట్లాలకు మారాడు. వేటలో ఉంటే రోజుకి పదిహేను, ఇరవై. ఎడమ బుగ్గలో పెట్టుకునే అలవాటు. కొన్ని రాత్రులు అలాగే నిద్రపోయేవాడు. తను మంచి పని చేస్తున్నాననే అనుకున్నాడు. అలా అనుకోవడానికి నా సలహా కూడా కారణమే.

వక్క ఏం చేస్తుంది

వక్కలో అరెకోలిన్ అనే రసాయనం ఉంటుంది. నమిలినప్పుడు కాస్త వెచ్చగా, హుషారుగా అనిపించేది దాని వల్లే, మళ్ళీ మళ్ళీ కావాలనిపించేదీ దాని వల్లే. బుగ్గ లోపలి పొర కింద కొల్లాజెన్ అనే నార తయారుచేసే కణాలుంటాయి. అరెకోలిన్ వాటిని అదే పనిగా ఉసిగొల్పుతుంది. దానికి తోడు వక్కలో రాగి ఎక్కువ. ఈ నార పోగుల్ని ఒకదానితో ఒకటి పెనవేసే ఎంజైమ్‌కి రాగి కావాలి. అందుకే నార ఎక్కువగా తయారవుతుంది, తయారైంది తొందరగా కరగదు. బుగ్గ లోపలే ముదిరిపోయి సాగడం మానేస్తుంది. డాక్టర్లు దీన్ని ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. ముందు కారం తగిలితే మంట, తర్వాత నోరు కొద్దికొద్దిగా మూసుకుపోవడం. వక్క మానేస్తే ముదరడం ఆగుతుంది కానీ, అప్పటికే గట్టిపడింది మళ్ళీ మునుపటిలా మెత్తబడదు.

ఇది కేన్సర్ కాదు. కానీ కేన్సర్ రావడానికి అనువైన నేల. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో ఈ జబ్బు ఉన్న 66 మందిని 17 ఏళ్ళ పాటు గమనించారు. ఐదుగురికి నోటి కేన్సర్ వచ్చింది, అంటే 7.6 శాతం. ఈ ఫలితం 1985లోనే అచ్చయింది. కిళ్ళీలో సున్నం కలిస్తే ఇంకో సంగతి ఉంది. సున్నం వల్ల వక్కలోని పదార్థాలు కణాల్లోని డీఎన్ఏని దెబ్బతీసే రకంగా మారతాయి. పొగాకు కూడా కలిస్తే నైట్రోసమైన్లు అనే కేన్సర్ కారకాలు వచ్చి చేరతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ, పొగాకు కలిపిన కిళ్ళీ కేన్సర్ తెస్తుందని 1985లో తేల్చింది. 2004లో అచ్చయిన నివేదికలో ఇంకో అడుగు ముందుకేసి, పొగాకు లేని కిళ్ళీని, అసలు వక్కనే మొదటి గ్రూపులో పెట్టింది. మనుషుల్లో కేన్సర్ తెస్తాయని రుజువైన వాటి గ్రూపు అది, పొగాకు కూడా అందులోనే ఉంది. నేను చదువుకునే రోజుల్లోనే ఈ విషయం పుస్తకంలో ఉంది. పరీక్షలో రాశాను. క్లినిక్‌లో మాత్రం నా నోటికి వచ్చిన ప్రశ్న "పొగాకు వాడతారా" అన్నదొక్కటే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈయన కేన్సర్ వక్క ఒక్కదాని వల్లే వచ్చిందని నేను అనడం లేదు. ఇరవై ఏళ్ళ ఖైనీ ఆ నోటి మీద పనిచేసింది. అప్పుడప్పుడు మందు కూడా ఉండేది. ఒక్క మనిషిని చూసి ఇందులో ఎవరి వాటా ఎంతో విడదీయలేం. కానీ ఖైనీ మచ్చ మాయమై, పొట్లం పెట్టుకునే బుగ్గ గట్టిపడి, అక్కడే పుండు లేచింది. వక్కను అమాయకమైనదిగా వదిలేయడానికి నాకు ఇక ధైర్యం లేదు.

ముక్క పరీక్ష, ఆ తర్వాత

పుండు అంచు నుంచి, మంచి చర్మం కూడా కాస్త వచ్చేలా ముక్క తీశాను. చాలామందికి ఇక్కడ ఒక భయం ఉంటుంది, కత్తి తగిలితే కేన్సర్ పాకిపోతుందని. ఆయన తల్లి కూడా అదే అంది. అది నిజం కాదు. ముక్క పరీక్ష వాయిదా వేస్తే మాత్రం కేన్సర్ పాకడానికి టైమ్ ఇచ్చినట్టే.

ఎనిమిదో రోజు రిపోర్ట్ వచ్చింది. స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే నోటి లోపలి పొరలో పుట్టే కేన్సర్, చుట్టూ ఫైబ్రోసిస్. ఇద్దర్నీ లోపల కూర్చోబెట్టి తలుపు వేసి, కేన్సర్ అన్న మాట వాడే చెప్పాను. "గడ్డ", "పెద్ద జబ్బు" అని తిప్పి చెబితే సగం మంది వైద్యానికి వెళ్ళరు. భార్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నోరు తెరిచి తినగలుగుతాడా అమ్మా?" అంది. ఆయన అడిగింది వేరే. "జూన్ 15కి బోట్లు కదులుతాయి. అప్పటికి అయిపోద్దా?"

ఈ ఏడాది వేట లేదని చెప్పాల్సి వచ్చింది.

నోటి కేన్సర్ వైద్యానికి వైజాగ్ దాటి పోనక్కర్లేదు. కేజీహెచ్ (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది, ప్రైవేటులోనూ చేస్తున్నారు. ఆరోగ్యశ్రీలో (2024 నుంచి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) ఈ ఆపరేషన్, రేడియేషన్ ఉన్నాయి. డబ్బు లేదని నెలలు ఆగిపోయేవాళ్ళు ముందు ఆ కార్డు పట్టుకుని వెళ్ళి అడగాలి. నేను రిపోర్టులన్నీ ఒక ఫైలు చేసి, ఉత్తరం రాసి పంపాను. స్కాన్‌లో దవడ ఎముక బాగానే ఉంది, మెడలో ఒక బిళ్ళ అనుమానంగా ఉంది. మూడో దశ అని లెక్క.

ఆపరేషన్ జూన్ మూడో వారంలో. నోరు తెరుచుకోని మనిషికి మత్తివ్వడమే పెద్ద పని. గొట్టం నోటి గుండా పోదు కాబట్టి, మెలకువగా ఉండగానే ముక్కులోంచి సన్నటి కెమెరా సాయంతో దించారు. కణితి చుట్టూ మంచి కండతో సహా తీశారు, మెడలో బిళ్ళలు తీశారు, ముంజేతి చర్మం తెచ్చి బుగ్గ లోపల అతికించారు. వెనక రెండు చెడిపోయిన పళ్ళు కూడా అప్పుడే తీసేయమని నేనే అడిగాను. రేడియేషన్ పడ్డ దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఉంది. అందుకే తీయాల్సిన పళ్ళు ముందే తీసి, గాయం మానడానికి కనీసం రెండు వారాలైనా ఇవ్వాలి.

తీసిన కణితి లోతు 8 మిల్లీమీటర్లు, అంచులు శుభ్రంగా ఉన్నాయి, ఒక్క బిళ్ళలో కేన్సర్ ఉంది, బిళ్ళ పొర దాటి బయటికి రాలేదు. అందుకని కీమో అక్కర్లేకుండా రేడియేషన్ ఒక్కటే ఇచ్చారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు, మొత్తం 60 గ్రే (రేడియేషన్ మోతాదును గ్రేల్లో కొలుస్తారు). నాలుగో వారానికి నోరంతా పుళ్ళు. గంజి, మజ్జిగ, రాగిజావ. మనిషి తొమ్మిది కిలోలు తగ్గాడు.

నోరు మళ్ళీ తెరవడం

ఈ భాగం గురించి తక్కువ మంది రాస్తారు, రోగి మాత్రం రోజూ దీంతోనే బతుకుతాడు. ఆపరేషన్ తర్వాత 28 మిల్లీమీటర్లు వచ్చిన నోరు రేడియేషన్ అయ్యేసరికి 20కి పడిపోయింది. ఖరీదైన పరికరాలున్నాయి కానీ, మేం వాడింది ఐస్‌పుల్లలు. పుల్లల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, పక్క పళ్ళ మధ్య పెట్టి, కాసేపు అలాగే ఉంచాలి. రోజుకి ఐదారుసార్లు. నొప్పి ఓర్చుకోగలిగితే మధ్యలో ఇంకో పుల్ల దూర్చాలి. ఒక్కో పుల్ల రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఆయన పదకొండు పుల్లలతో మొదలుపెట్టాడు. కట్టకి రబ్బరు బ్యాండు వేసి, కొత్తగా చేర్చిన ప్రతి పుల్ల మీదా బాల్‌పెన్నుతో తేదీ రాసేవాడు. పన్నెండో పుల్లకీ పదమూడో పుల్లకీ మధ్య నెలన్నర తేడా ఉంది. ఆరు నెలలకి పదిహేను పుల్లలు. ఆ కట్ట తెచ్చి నా టేబుల్ మీద పెట్టినప్పుడు, స్కేలు తీయకముందే నాకు ఏడుపొచ్చింది. 29 మిల్లీమీటర్లు.

మానడం సంగతి. కేన్సర్ అని తెలిసిన మనిషి వెంటనే మానేస్తాడని అందరూ అనుకుంటారు. ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు కూడా దిండు కింద పొట్లం దొరికిందని భార్య ఫోన్ చేసింది. తిట్టొద్దన్నాను. వక్క కూడా వ్యసనమే. మానిన మొదటి రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు లేకపోవడం ఉంటాయి. నికోటిన్ ప్యాచ్ నేను ఇవ్వలేదు, ఆయన పొట్లంలో నికోటిన్ లేదు కాబట్టి. ఖైనీ, గుట్కా వాడేవాళ్ళకి మాత్రం అది సాయపడుతుంది. నోరు బిగుసుకున్నవాళ్ళు నికోటిన్ గమ్ నమలలేరు, వాళ్ళకి ప్యాచే మేలు. ఈయనకి పనికొచ్చింది వేయించిన సోంపు, పొట్లాలు కొనే కిళ్ళీ కొట్టు వైపు పోకుండా వేరే దారిన నడవడం, తోటి కలాసీలకి భార్యే వెళ్ళి చెప్పి రావడం. పొగాకు మానాలనుకునే వాళ్ళకి 1800-112-356 అనే ఉచిత నంబరు ఉంది. మా గోడ మీద పెద్దక్షరాల్లో రాయించాను.

గుట్కా మీద 2012 నుంచి రాష్ట్రాలు వరసగా నిషేధం పెట్టాయి. దాంతో పాన్ మసాలా ఒక పొట్లం, జరదా (నమిలే పొగాకు) ఇంకో పొట్లంగా పక్కపక్కనే వేలాడటం మొదలైంది. రెండూ కలుపుకునేవాళ్ళు కలుపుకుంటున్నారు. కలుపుకోనివాళ్ళు, ఈయనలాగా, తాము క్షేమమనుకుంటున్నారు. నాకు ఎక్కువ బెంగ ఈ రెండోవాళ్ళ గురించే, వాళ్ళకి భయం కూడా లేదు కాబట్టి.

ఆయన తల్లిని కూడా ఆ మొదటి రోజే కుర్చీలో కూర్చోబెట్టి చూశాను. ఉత్తరాంధ్ర తీరంలో పనిచేసే నోటి డాక్టరు పెద్దావిడ ఎదురుగా ఉంటే అంగిలి చూడకుండా పంపకూడదు. అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం, ఈ జిల్లాల ఆడవాళ్ళలో పాత అలవాటు. దాని వల్ల వచ్చే కేన్సర్ ఎక్కువగా అంగిలి మీదే వస్తుంది. ఆవిడ అంగిలి బూడిద రంగుకి తిరిగి, మధ్యమధ్య ఎర్ర చుక్కలతో ఉంది. ముక్క పరీక్షలో కేన్సర్ లేదు. చుట్ట మానలేదు కానీ, తగ్గించింది. ఆరు నెలలకోసారి వస్తోంది.

నోరు చూడటానికి టార్చి, అద్దం చాలు. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఊళ్ళలో నోళ్ళు చూసి అనుమానం ఉన్నవాళ్ళని పంపారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి కేన్సర్ చావులు 34 శాతం తగ్గాయని 2005లో ప్రచురించారు. వక్క గానీ పొగాకు గానీ నమిలేవాళ్ళు నెలకోసారి అద్దం ముందు నిలబడి మూడు వేళ్ళు పెట్టి చూసుకోండి. పెదవి లాగి, బుగ్గ లాగి, నాలుక పక్కలు కూడా చూసుకోండి. రెండు వారాల్లో మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, కారానికి కొత్తగా మంట, మెడలో బిళ్ళ, వీటిలో ఏది కనిపించినా మందుల షాపుకి కాకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మా కేస్ షీట్ మార్చాను. పొగాకు గడి పక్కనే ఇప్పుడు వక్కకు వేరే గడి ఉంది: ఏ రూపంలో, రోజుకి ఎన్ని, ఏ బుగ్గలో, నోట్లో పెట్టుకుని నిద్రపోతారా. ఆ కాగితం మీదే నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటోందో కూడా రాస్తాం, పన్ను నొప్పికి వచ్చినవాళ్ళకైనా సరే.

2025 మేలో ఆయన చెకప్‌కి వచ్చాడు. రేడియేషన్ అయి ఇరవై నెలలు. బుగ్గ శుభ్రంగా ఉంది, మెడ శుభ్రంగా ఉంది. ఐదేళ్ళు నిండేదాకా నేను ఏ మాటా ఇవ్వను, ఆయనా అడగడు. బోటెక్కడం మానేసి హార్బర్‌లో వలలు బాగుచేసే పనిలో ఉన్నాడు. వెంట పంతొమ్మిదేళ్ళ మేనల్లుణ్ణి లాక్కొచ్చాడు. "ముందు వీడి నోరు చూడమ్మా" అన్నాడు. కుర్రాడు నోరు తెరిచాడు. 33 మిల్లీమీటర్లు. బుగ్గ వెనక భాగం అప్పుడే కాస్త పాలిపోయి ఉంది.

"పొగాకు ముట్టను" అన్నాడు కుర్రాడు.

"వక్క?" అన్నాను.

జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. జూన్ 14న, బోటెక్కే ముందు రోజు, మళ్ళీ రమ్మని రాసిచ్చాను. తీసుకొచ్చే పూచీ మేనమామది.